గృహ సౌర బ్యాటరీ: అకాల రిక్తత, కారణ పరీక్ష

పగటివేళ సూర్యరశ్మివలన ఇంటిపైకప్పునందలి ఫలకములలో జనించిన విద్యుత్తును రాత్రి అవసరములకై దాచియుంచు సంచాయక ఘటముల సముదాయమునకు సౌర బ్యాటరీ యని వాడుక. సాయంకాలమునకు నిండుగా నున్నట్లు సూచిక చూపిన బ్యాటరీ, ఇంటివారు లెక్కించుకొన్న గడువునకు ముందే, ఒక్కొక్కప్పుడు రెండవ జామైనను గడవకమునుపే, ఉడిగిపోయి ఇంటిని చీకటిపాలు చేయుట అకాల రిక్తత యనబడును. దీనినే జనులు ఛార్జి నిలవడంలేదనియు, బ్యాకప్ రావడంలేదనియు, బ్యాటరీ దిగిపోతున్నదనియు చెప్పుకొందురు. ఈ మాటలన్నియు ఒక్క వ్యాధికి వేర్వేరు పేర్లవలె వినబడినను, వాటి వెనుక మూడు భిన్నమైన వ్యాధు లుండవచ్చును: ఘటము అసలు నిండకయే యుండుట యొకటి, నిండినది కనబడని మార్గమున కారిపోవుట రెండవది, నింపుకొను శక్తియే ఘటమునకు నశించుట మూడవది. బావిలో సరిగా మునుగని కుండ, అడుగున చిల్లిపడిన కుండ, లోపల మట్టి పేరుకొని సగమే పట్టు కుండ, ఈ మూడింటిలోను తెల్లవారుసరికి నీ రుండదు. కాని కుమ్మరియింటికి పోవలసినది మూడింటికొరకును కాదు.

సామాన్యముగా మొదటి నింద బ్యాటరీమీదనే పడును. వేల రూపాయలు వెచ్చించి క్రొత్త బ్యాటరీని తెచ్చి, అదియు నెల తిరుగకుండ పాతదానివలెనే ప్రవర్తింపగా, అప్పుడు ఇన్వర్టరును, ఆ పిమ్మట తీగలను, కట్టకడపట ఫలకముమీద పడుచున్న వేపకొమ్మ నీడను చూచినవారు మన పట్టణములలోను పల్లెలలోను తక్కువ కారు. పరీక్షాక్రమము ఇట్లు తలక్రిం దగుటయే ఈ విషయమున జరుగు నష్టములలో పెద్దది. ఘటమును చివర నిందింపవలెనేగాని మొదట నిందింపరాదు. క్రింద చెప్పబోవు పరీక్షలన్నియు ఈ వరుస ననుసరించియే యుండును.

సీసపుపలకలను సల్ఫ్యూరికామ్లమున ముంచి, మరల మరల నింపుకొనదగిన ఘటమును 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. 1881లో కామిల్ ఫోర్ ఆ పలకలకు సీసపు ఆక్సైడు ముద్దను పూయు పద్ధతిని కనిపెట్టుటతో ఘటముల ధారణశక్తి మిక్కిలి హెచ్చెను. సిలికాన్ సౌరఘటము 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనువారి చేతులలో రూపుదాల్చినది. నేడు సీసపు ఘటములతో పోటీపడుచున్న లిథియం ఐరన్ ఫాస్ఫేటు ఘటములకు మూలమైన పరిశోధన 1990ల మధ్యకాలమున టెక్సస్ విశ్వవిద్యాలయమున జాన్ గుడెనఫ్ వద్ద జరిగెను. ఆ పరిశోధనలో పాల్గొన్నవారిలో భారతీయుడైన అక్షయ పాఢి ఒకడు. తెలుగునాట మాత్రము సౌరఫలకముకంటె ముందు ఇంటిలో ప్రవేశించినది బ్యాటరీయే. విద్యుత్తు కోతల కాలమున ఇన్వర్టరు, దానికి తోడుగా ట్యూబులర్ రకపు సీసపు బ్యాటరీ కొనుక్కొన్న కుటుంబములు అనేకము, తరువాతి కాలమున ఆ అమరికకే ఫలకములను జతపరచుకొనెను. అప్పుడప్పుడు గంటయో రెండు గంటలో పనిచేసిన ఘటమునకు ప్రతిరాత్రియు పనిచేయవలసిన విధి యిట్లు సంక్రమించినది. తరచుగా వినబడు ఫిర్యాదులలో కొన్నింటికి ఈ విధి మార్పే మూలము.

సీసపు ఘటము విద్యుత్తు నిచ్చునపుడు రెండు తెగల పలకలును లెడ్ సల్ఫేటుగా మారును. ఆమ్లము పలుచనై నీటికి చేరువగును. మరల నింపునపుడు సల్ఫేటు కరగి ఆమ్లము చిక్కనగును. కావున ఆమ్లము యొక్క విశిష్ట గురుత్వమే ఘటమున మిగిలిన విద్యుత్తునకు నమ్మదగిన సాక్షి. హైడ్రోమీటరు అను గాజుగొట్టము ఈ సాక్ష్యమును కొద్ది రూపాయల వెలతో చూపగలిగియు, మన యిండ్లలో అరుదుగా కనబడుట విచారకరము. నిండిన ట్యూబులర్ ఘటమున ఈ అంకము సుమారు 1.240 మొదలు 1.260 వరకు నుండును, ఖాళీయైనపుడు 1.120 ప్రాంతమునకు దిగును. ఈ అంకమునకు 0.84 కలిపినచో విశ్రాంతిలో నున్న ఘటము యొక్క వోల్టేజి ఇంచుమించుగా వచ్చును: 1.250 గురుత్వమున్న ఘటమునకు 2.09 వోల్టులు, అట్టివి ఆరు గల బ్యాటరీకి 12.5 వోల్టులు. ఆమ్లము వేడెక్కిన కొలది పలుచనగును గనుక, 27 డిగ్రీలకు పైనున్న ప్రతి 10 డిగ్రీలకు 0.007 చొప్పున చదివిన అంకమునకు కలుపవలెను.

పరీక్షకు పూర్వము ఒక లెక్క వేసికొనుట యుక్తము. ఏలన, రిక్తత యని పిలువబడునది పెక్కు సందర్భములలో రిక్తత కాదు, తప్పుడు ఆశ మాత్రమే. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో నామమాత్రముగా నుండునది 1,800 వాట్-గంటలు, అనగా 1.8 యూనిట్లు. ఇందులో ఐదింట నాలుగు వంతులే వాడదగినవనియు, ఇన్వర్టరు వానిలో నూటికి 85 పాళ్లు మాత్రమే ఇంటికి చేర్చుననియు అనుకొన్నచో, చేతికందునది సుమారు 1,220 వాట్-గంటలు. 75 వాట్ల పంకాలు రెండు, 9 వాట్ల బల్బులు నాలుగు, 10 వాట్ల రౌటరు ఒకటి కలిసి 196 వాట్లు. రాత్రి పది గంటలకు మొదలైనచో నాలుగు గంటలకు బ్యాటరీ సెలవు తీసికొనును. దీర్ఘాయువునకై సగమే వాడవలెనను నియమమును పాటించినచో అర్ధరాత్రి దాటిన రెండు గంటలలోపుననే ఆగవలసియుండును. ఇదియంతయు ఆరోగ్యవంతమైన బ్యాటరీ మాటయే. అదే యింట ఆ రెండు పంకాల స్థానమున 30 వాట్లతో తిరుగు బీఎల్‌డీసీ పంకాలు పెట్టిన యెడల భారము 106 వాట్లకు దిగి, ఆరు గంటల విద్యుత్తు పదునొకండు గంటలు వచ్చును. క్రొత్త బ్యాటరీకి ముందు క్రొత్త పంకాలను గూర్చి ఆలోచింపవలసినదని చెప్పుట ఈ లెక్కవలననే.

బ్యాటరీమీద ముద్రించు సామర్థ్యము సైతము ఒక షరతునకు లోబడినది. 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు పాయికర్ట్ చూపినట్లు, సీసపు ఘటమునుండి ఎంత వేగముగా విద్యుత్తును లాగినచో అంత తక్కువ మొత్తము లభించును. సీ10 అని వ్రాసిన 150 ఆంపియర్-గంటల బ్యాటరీ 15 ఆంపియర్లను పది గంటలు ఇచ్చును. సీ20 అని వ్రాసిన 150 ఆంపియర్-గంటలది 7.5 ఆంపియర్లను ఇరువది గంటలు ఇచ్చును. రెండవదానిని 15 ఆంపియర్ల చొప్పున లాగినచో పది గంటలు రాదు. సౌర వినియోగమునకు ఉద్దేశింపబడిన బ్యాటరీలకు సీ10 లెక్కయే వ్యవహారము.

లెక్క సరిపడక, నిజముగా విద్యుత్తు ఎచటికో పోవుచున్నదని తోచినచో, ముందుగా చూడదగినది ఇన్వర్టరే. ఇంటిలో ఒక్క దీపమును వెలుగకపోయినను, మీట వేసియున్న ఇన్వర్టరు తన ప్రాణమును నిలుపుకొనుటకు కొంత విద్యుత్తును భుజించుచునే యుండును. అది 15 వాట్లే యనుకొన్నను, ఇరువదినాలుగు గంటలకు 360 వాట్-గంటలగును. 12 వోల్టుల బ్యాటరీనుండి 30 ఆంపియర్-గంటలు, అనగా 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఐదవ వంతు, ఎవరికిని ఉపయోగపడకయే పోయినదన్నమాట. ఊరికి పోవుచు ఇంటిలోని మీటలన్నియు కట్టి, ఇన్వర్టరు మీటను మాత్రము మరచినవారు, మబ్బుపట్టిన వారము గడచి తిరిగివచ్చునప్పటికి ఖాళీ బ్యాటరీని చూచుటకు ఇదియే కారణము.

రెండవది మరుగునపడిన భారము. వైఫై రౌటరు, సెట్‌టాప్ బాక్సు, నీళ్ల శుద్ధియంత్రము, నిఘా కెమెరాలు, గోడలో గ్రుచ్చియుంచిన ఛార్జర్లు ఒక్కొక్కటి స్వల్పమే. కూడినపుడు రాత్రికి అర యూనిట్ చిటికెలో దాటును. ఇంతకంటె ప్రమాదకరమైనది మరమ్మతు సమయమున జరుగు తీగల మార్పు. పంకా తీగకు అతుకవలసిన చోట ఫ్రిజ్జు తీగను గాని, గీజరు తీగను గాని ఇన్వర్టరు వరుసకు కలిపిపోయిన పని, ఇంటివారికి కొన్ని నెలలవరకు తెలియకపోవచ్చును. దీనిని కనిపెట్టు పరీక్ష సులభము. ఏకముఖ ప్రవాహమును కొలువగల క్లాంపు మీటరును బ్యాటరీ తీగచుట్టు తగిలించి, సౌరఫలకముల మీటను, వీధి కరెంటును ఆపి, ఇంటిలోని మీటలన్నియు కట్టి చూడవలెను. 12 వోల్టుల అమరికలో ఒకటి ఒకటిన్నర ఆంపియర్లు కనబడినచో అది ఇన్వర్టరు స్వంత గ్రాసము. నాలుగైదు ఆంపియర్లు కనబడినచో ఎక్కడనో యాభై అరువది వాట్లు దొంగచాటుగా పోవుచున్నవి. రోజు మొత్తమునకు అవి నూరు ఆంపియర్-గంటలను మించును. అప్పుడు ఒక్కొక్క ఎమ్‌సీబీని ఆపుచు, అంకము ఏ మీటతో పడిపోవునో గమనించినచో దొంగ దొరకును. రాత్రివేళ ఇదే క్లాంపును ఫలకముల తీగకు తగిలించి చూచుటయు మంచిది. ఆ తీగలో ప్రవాహము ఉండరాదు. ఉన్నచో ఛార్జి కంట్రోలరులో తిరుగు ప్రవాహము నాపవలసిన భాగము చెడి, పగలు ఫలకము లిచ్చినది రాత్రి ఫలకములే త్రాగుచున్నవని తెలియవలెను.

కొన్ని యిండ్లలో బ్యాటరీ నిజముగా ఖాళీ కాకయే ఖాళీయైనట్లు నటించును. దీని రహస్యము తీగ చివరనుండు లగ్గులో, ఆమ్లపు ఆవిరికి తెల్లగా పచ్చగా పూచిన టెర్మినల్‌లో దాగియుండును. 700 వాట్ల భారము 12 వోల్టుల బ్యాటరీనుండి 60 ఆంపియర్లకు తక్కువ కాకుండ లాగును. వదులైన లగ్గు ఒక ఓములో 50వ వంతు నిరోధము చూపినను, 60 ఆంపియర్ల వద్ద అచట 1.2 వోల్టులు హరించుకొనిపోవును. బ్యాటరీ 11.7 వోల్టులతో దిట్టముగా నున్నను ఇన్వర్టరుకు చేరునది 10.5 మాత్రమే; అది తన నిర్ణీత హద్దని భావించి ఇన్వర్టరు ఆగిపోవును. ఆ లగ్గు వద్ద వ్యర్థమగునది 72 వాట్ల వేడి. కావున మోటారు గాని మిక్సీ గాని తిరుగుచుండగా ఒకే సమయమున బ్యాటరీ కొనలవద్దను, ఇన్వర్టరు కొనలవద్దను వోల్టేజిని కొలిచి పోల్చవలెను. రెండింటికిని అర వోల్టునకు మించిన భేదమున్నచో, తీగను విప్పి, వేడినీటిలో వంటసోడా కలిపి కడిగి, ఆరిన పిదప బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూసినచో, చచ్చినదనుకొన్న బ్యాటరీ లేచి కూర్చుండును. ఇంత స్వల్ప వ్యయముతో ఇంత ఫలమునిచ్చు చికిత్స ఈ శాస్త్రమున మరియొకటి లేదు.

ఇక నిండని కుండ కథ. ఫలకమునందలి ఘటములు వరుసగా గ్రుచ్చబడియుండుటచేత, ఒక్క ఘటముమీద పడిన ఎండుటాకు గాని, కాకిరెట్ట గాని, నీటితొట్టె నీడ గాని ఆ వరుసనంతను కుంటుపరచును. సాధారణ ఫలకమున మూడు పక్కదారి డయోడులుండును గనుక, అరచేతి వెడల్పు నీడకు మూడవ వంతు ఫలము నశింపవచ్చును. ఫలకముల యెంపికలోని పొరపాటు ఇంతకంటె లోతైనది. పీడబ్ల్యూఎం రకపు చౌక కంట్రోలరునకు 12 వోల్టుల బ్యాటరీ జతచేసి, 38 వోల్టుల వద్ద 8.7 ఆంపియర్ల నిచ్చు 335 వాట్ల ఫలకమును తగిలించినచో, ఆ కంట్రోలరు 8.7 ఆంపియర్లను మాత్రమే బ్యాటరీకి చేర్చగలదు. వోల్టేజిలోని మిగులును విద్యుత్ప్రవాహముగా మార్చు నేర్పు దానికి లేదు. 13 వోల్టుల వద్ద అది 115 వాట్లకు మించదు. ఫలకముమీద 335 అని చదివిన గృహస్థుడు మూడవ వంతు మాత్రమే పొందుచు, లోపము బ్యాటరీయందున్నదని యెంచును. ఎంపీపీటీ రకపు కంట్రోలరు ఈ మిగులును వృథాపోనీయదు.

సెట్టింగుల మాటయు ఇక్కడనే చెప్పవలసియున్నది. హైబ్రిడ్ ఇన్వర్టర్లలో సౌరశక్తికి ప్రాధాన్య మిచ్చు పద్ధతి, వీధి కరెంటునకు ప్రాధాన్య మిచ్చు పద్ధతి అని వేర్వేరు వరుసలుండును. సౌరప్రాధాన్య పద్ధతిలో, కరెంటు ఉండగనే సాయంకాలము మొదలు బ్యాటరీని ఖర్చుచేయుట ఇన్వర్టరునకు విధింపబడిన ధర్మము. రాత్రి పదిగంటలకు కోత వచ్చినపుడు ఖాళీ బ్యాటరీ కనబడుట లోపము కాదు. కోతలు తరచైన ఊరివారు, ఎంత శాతమువద్ద బ్యాటరీ వాడుక నాపి వీధి కరెంటునకు మరలవలెనో ఆ హద్దును పైకి జరుపుకొనవలెను. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము 2024 ఫిబ్రవరిలో వెలువడిన తరువాత మన రాష్ట్రములలో పెరిగిన పైకప్పు అమరికలలో పెక్కింటికి బ్యాటరీయే యుండదు. అవి గ్రిడ్డుతో ముడిపడి, కరెంటు పోయినపుడు లైనుమీద పనిచేయువారి ప్రాణరక్షణార్థము తామును ఆగిపోవును. అట్టి యింట చీకటి కమ్మినపుడు బ్యాటరీని వెదకుట వ్యర్థము.

పై పరీక్షలన్నిటిలోను దోషము కానరానప్పుడు మాత్రమే ఘటమును విచారింపవలెను. పూర్తిగా నింపి, తీగలను విప్పి, ఒక రాత్రి విశ్రాంతి నిచ్చి, ఉదయమున వోల్టేజిని, ఆరు మూతలలోను గురుత్వమును వ్రాసికొనవలెను. మంచి సీసపు బ్యాటరీ ఊరక నుంచినచో నెలకు కొద్ది శాతమే కోల్పోవును. రెండు మూడు దినములలోనే అంకములు స్పష్టముగా పడిపోయినచో అంతర్గతమైన కారుట ఉన్నట్లు నిశ్చయము. ఐదు మూతలలో 1.240 కనబడి ఆరవదానిలో 1.180 కనబడినచో, ఆ ఒక్క ఘటమే తక్కిన ఐదింటిని క్రిందికి లాగుచున్నది. అన్నిటను సమానముగా తక్కువ కనబడినచో, అది చాలకాలముగా పూర్తిగా నిండని బ్యాటరీ. పలకలమీది సల్ఫేటు మెత్తని రూపు విడిచి గట్టి స్ఫటికములుగా బిగిసియుండును. ఈ స్థితి ఆరంభదశలో నున్నచో, తయారీదారు చెప్పిన వోల్టేజివద్ద దీర్ఘకాలము మెల్లగా నింపుటవలన కొంత కోలుకొనవచ్చును, ముదిరినచో కోలుకొనదు. ఆమ్లము చిక్కనిది అడుగునకు, పలుచనిది పైకి వేరుపడి పొరలుకట్టుటయు కలదు. అట్టి దానిని కూడ ఈ చికిత్సయే, బుడగలచేత కలచి, సరిచేయును.

ఘటమును చంపు అలవాట్లలో ముఖ్యమైనది నీటి అశ్రద్ధ. మట్టము తగ్గి గాలికి తగిలిన పలక మరల మొదటి బలమును పొందదు. డిస్టిల్డ్ వాటరు బదులు కుళాయి నీటిని గాని, త్రాగుటకు శుద్ధిచేసిన నీటిని గాని పోయుట అంతకంటె హాని. ఆ నీటిలోని ఇనుము రెండు తెగల పలకలమధ్య అటునిటు తిరుగుచు, తీగ లేకయే ఘటమును లోలోపల ఖాళీచేయును. తగ్గినది నీరేగాని ఆమ్లము కాదు గనుక, ఆమ్లము పోయుట తప్పు. నింపిన తరువాతనే నీరు పోయవలెను; ముందుగా పోసినచో బుడగలతో పొంగి పొరలును. పలకలు తేలియున్నచో మాత్రము అవి మునుగునంత ముందే పోయవచ్చును. వేడిమి మరియొక శత్రువు. 10 డిగ్రీలు పెరిగినపుడెల్ల ఘటము తనంతట కోల్పోవు వేగము ఇంచుమించు రెట్టింపగును, ఆయువు సగమునకు దిగును. రామగుండమున, రెంటచింతలయందు మేనెల మధ్యాహ్నము రేకులకప్పు క్రింద మెట్లవద్ద నుంచిన బ్యాటరీకి వారంటీ కార్డులోని ఆయుర్దాయము వర్తించునని ఆశించుట అన్యాయము.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలయందు నీటి చింత లేదు. అయితే వేరొక మాయ కలదు. ఈ ఘటము దాదాపు నిండుగానున్నను, ఐదవ వంతే మిగిలినను, వోల్టేజి 3.2, 3.3 మధ్యనే నిలిచియుండుటచేత, వోల్టేజినిబట్టి నిలువ తెలియదు. లోపలి బీఎంఎస్ అను పర్యవేక్షక యంత్రము వచ్చిన, పోయిన ఆంపియర్లను కూడి తీసి శాతమును చెప్పును. చిన్న ప్రవాహములను అది గుర్తింపజాలనిచో తప్పు పేరుకొనిపోవును: 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో గమనింపబడని అర ఆంపియరు దినమునకు 12 శాతము తినివేయును. సూచిక 40 చూపుచుండగా హఠాత్తుగా ఆగిపోవు బ్యాటరీలలో పెక్కింటి కథ యిదియే. నెలకొకమారైనను పూర్తిగా నింపి, కొంతసేపు ఆ స్థితిలో నుంచినచో లెక్క మరల నూటికి సరిపడును, ఘటములును ఒక దానితో నొకటి సమానపడును. బ్యాటరీలోని ఘటములలో ఒక్కటి ముందుగా హద్దు దిగినను బీఎంఎస్ మొత్తమును ఆపివేయును; కావున బ్లూటూత్ యాప్‌లో ఒక్కొక్క ఘటపు వోల్టేజిని, ఖాళీకి దగ్గరగా నున్నపుడు చదువుట అవశ్యము. సున్న డిగ్రీలకు దిగువ ఈ ఘటములను నింపరాదు. అమెరికా ఉత్తర రాష్ట్రములలోను కెనడాలోను గ్యారేజీలందు బ్యాటరీ నుంచుకొన్న తెలుగు కుటుంబములు, చలికాలమున అది తన్ను తాను వెచ్చబరచుకొనుటకు తన నిలువనే కొంత ఖర్చుచేయునని గుర్తింపవలెను.

ఈ పరీక్షలలో జాగ్రత్త యొక్కటియు వదలదగినది కాదు. నిండుచున్న సీసపు బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లైనచో నిప్పురవ్వకు పేలును. కిటికీలు తెరచి, ఉంగరములు, గాజులు, గొలుసు తీసివేసి, కండ్లకు అద్దములు పెట్టుకొని, ముందుగా ఇన్వర్టరును ఆపియే పానా పట్టుకొనవలెను. కండ్లలో ఆమ్లము పడినచో వెంటనే ధారాళమైన నీటితో చాలసేపు కడిగి వైద్యుని కడకు పోవలెను.

ఘటము నిజముగా కడతేరినదని తేలినపుడు, జంటగానున్న రెండింటిలో ఒకదానిని మాత్రమే మార్చుట పొదుపు కాదు. వరుసగా కలిపినచో పాతది ముందుగా ఖాళీయై క్రొత్తదాని విద్యుత్తును వాడనీయదు. పక్కపక్కన కలిపినచో క్రొత్తది పాతదానిలోనికి రాత్రియెల్ల కారుచుండును. తొలగించిన బ్యాటరీని 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము తయారీదారుల సేకరణకేంద్రమునకు గాని, నమోదైన పునర్వినియోగ కర్మాగారమునకు గాని చేర్చవలెను. క్రొత్తది కొను దుకాణమున పాతదానికి కొంత వెల కట్టి తీసికొందురు. పెరటిలో పగులగొట్టి సీసమును కరగించువారికి అమ్మరాదు. ఆ పొగయు, ఆ ఆమ్లపు మట్టియు మొదట తాకునది అచట ఆడుకొను పసిపిల్లలనే.